మబ్బు పట్టని సీసా

మా ఆసుపత్రి కిటికీ గట్టు మీద చిన్న గాజు సీసాలు వరసగా ఉండేవి. ఆసుపత్రి అంటే పశువుల ఆసుపత్రి. అద్దంకి నుంచి లోపలికి పోయే రోడ్డు మీద, పత్తి చేలకీ మిర్చి చేలకీ మధ్య, రెండు గదులు. ముందు రేకుల వరండా, రైతులు కూర్చోవడానికి ఒక పొడుగాటి సిమెంటు అరుగు, పశువును నిలబెట్టడానికి ఇనప గొట్టాల బోను. రెండు వేల సంవత్సరానికి కాస్త ముందు నా మొదటి ఉద్యోగం అక్కడ. కాలేజీలో నేర్చుకున్నదంతా బుర్రలో ఇంకా పచ్చిగానే ఉంది. ముక్కు మీద కోపం మాత్రం కాలేజీకి పోకముందు నుంచీ ఉంది.

ఆ సీసాల సంగతి ముందు చెప్పాలి. దూడ పుట్టినప్పుడు దాని ఒంట్లో రోగాన్ని తట్టుకునే శక్తి దాదాపు ఉండదు. అది తల్లి ఇచ్చే మొదటి పాలలోంచి, అంటే జున్నుపాలలోంచి రావాలి. దూడ పేగు ఆ శక్తిని రక్తంలోకి రానిచ్చేది ఒక్క రోజు మాత్రమే. మొదటి కొద్ది గంటలూ తలుపు బార్లా తీసి ఉంటుంది. గంట గంటకీ మూసుకుంటూ పోయి, మర్నాటికి గడియ పడిపోతుంది. ఆ తర్వాత బిందెడు జున్నుపాలు పట్టించినా కడుపు నిండుతుందే తప్ప రక్తంలోకి ఏమీ చేరదు. అలాంటి దూడకు వారం తిరక్కుండానే పారుడు, అంటే విరేచనాలు, పట్టుకుంటుంది.

దూడ జున్ను తాగిందో లేదో చెప్పే పరీక్ష ఒకటి నాకు తెలుసు. మెడ దగ్గర నరంలోంచి రక్తం తీసి, గడ్డ కట్టనిచ్చి, పైకి తేలిన పసుపుపచ్చని నీటిని రెండు చుక్కలు తీసుకోవాలి. జింకు ఉప్పు కలిపిన నీళ్ళ సీసాలో వాటిని వేసి, బిరడా పెట్టి గంటసేపు కదపకుండా ఉంచాలి. తాగిన దూడదైతే సీసాలో నీళ్ళు మబ్బు పట్టినట్టు తెల్లబడతాయి. తాగని దూడదైతే ఎంతసేపు ఉంచినా తేటగా ఉంటాయి. మా రైతులు దీనికి ‘మబ్బు చూడటం’ అని పేరు పెట్టారు.

అక్కడ చాలా దూడలు తాగేవి కావు. గేదె ఈనాక, దూడ వెంట రావాల్సిన మాయ పడేదాకా దూడను పొదుగు దగ్గరికి రానిచ్చేవాళ్ళు కాదు. దూడ పాలు లాగితే మాయ లోపలే ఉండిపోతుందని వాళ్ళ నమ్మకం. నిజానికి దూడ కుడిస్తేనే మాయ తొందరగా పడుతుంది. ఈ ముక్క చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది. మాయ పడేలోపు పిండిన జున్నుపాలు ఏమయ్యేవంటే, బెల్లం, మిరియాలు వేసి వండుకోవడానికి పోయేవి. ఇంట్లోవాళ్ళకి, ఇరుగుపొరుగుకి, పంతులుగారికి, పోస్టుమాస్టరుకి, తర్వాత డాక్టరు గారికి కూడా.

దూడ పారుతోందని ఎవరైనా రాగానే నేను మొదట అడిగే ప్రశ్న ఒకటే. జున్ను పట్టించావా? పట్టించామండీ అనేవాళ్ళు. రక్తం తీసేవాణ్ణి. రెండు గంటల తర్వాత తేట సీసా పట్టుకుని వరండాలోకి వచ్చి, అరుగు మీద అందరూ చూస్తుండగా పైకెత్తి, “ఏదీ, మబ్బేది?” అనేవాణ్ణి. ఆ మనిషి తల దించుకునేవాడు. అరుగు మీదవాళ్ళు పకపకా నవ్వేవాళ్ళు. “సారు కోర్టు పెట్టాడ్రోయ్” అనేవాడు మా అటెండరు. ఆ మాట నాకు మహా ఇష్టంగా ఉండేది. దూడ ప్రాణం సంగతి ఎలా ఉన్నా, నా మాట నెగ్గిందన్న సంతోషం మాత్రం తప్పేది కాదు. ఇది ఇప్పుడు రాయడానికే సిగ్గుగా ఉంది.

రెండో ఏడు కార్తీకంలో, పత్తి మొదటి తీత జోరుగా ఉన్న రోజుల్లో, చర్చి వీధి నుంచి ఒకావిడ పరుగున వచ్చింది. ఆమె ఊళ్ళో పత్తి తీతకీ మిరపకాయల కోతకీ పోయే మనిషి. భర్త చీమకుర్తి దగ్గర రాళ్ళ క్వారీలో పనిచేస్తూ ఆదివారాలు వచ్చిపోయేవాడు. ఇంట్లో ఆమె, ఆమె అత్త. గేదె తెల్లవారి నుంచీ నొప్పులు పడుతోందనీ, కాలొకటి కనిపిస్తోందనీ, తల రావటం లేదనీ చెప్పింది.

ఆ గేదె ఆమెది కాదు. మిర్చి పండించే ఒక ఆసామి, పాలు మరిచిన పెయ్యను మూడేళ్ళ కిందట ఆమెకు పెంపకానికి ఇచ్చాడు. గడ్డి కోసి, కుడితి పెట్టి, మేపి, పెంచడం ఆమె వంతు. మొదటి ఈతలో పెయ్య దూడ పుడితే ఆ దూడ ఆమెది. గేదె మాత్రం పాలు ఒట్టిపోగానే ఆసామి కొట్టానికి పోతుంది. దున్నపోతు దూడ పుట్టినా, పుట్టింది చచ్చిపోయినా, ఆ మాట మళ్ళీ ఈతకి వాయిదా పడుతుంది. అంటే మూడేళ్ళ చాకిరీకీ ఆమెకు దక్కేది ఆ కడుపులో ఉన్నదే.

గంటసేపు చెయ్యి భుజం దాకా లోపల పెట్టి, వెనక్కి తిరిగిన తలను దారికి తెచ్చి బయటికి లాగాను. నల్లగా, తడిగా, గడ్డి మీద పడింది. రెండు క్షణాలు కదల్లేదు. గడ్డిపోచతో ముక్కులో గెలికితే తుమ్మింది. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని దూడ వెనక కాళ్ళు విడదీసి చూసి, “పెయ్యేనండీ! అత్తా, పెయ్యి!” అని అరిచింది. వీధి వీధంతా ఆ తాటాకు పందిరి చుట్టూ చేరి ఉంది. అత్త చేతులు పైకెత్తి, “ప్రభువా, నీకు వందనాలు” అని ఏడ్చేసింది.

నేను బకెట్టు దగ్గర చేతులు కడుక్కుంటున్నాను. పని బాగా కుదిరినప్పుడు నాకు నోరు ఊరుకోదు. ఈ హాస్యం ప్రతి ఇంట్లోనూ ఆడేదే. “జున్నంతా మీరే తినేస్తారా ఏంటి, మా ఇంటికి పంపేదేమైనా ఉందా?” అన్నాను.

ఆమె సబ్బు అందిస్తున్నదల్లా ఆగిపోయింది. “మా ఇంటి జున్ను మీరు తింటారా అండీ?” అంది.

అప్పుడు నవ్వేసి ఊరుకుంటే సరిపోయేది. మాది వ్యవసాయం చేసుకునే ఇల్లు. మా వాళ్ళెవరూ ఆ వీధిలో మంచినీళ్ళు కూడా పుచ్చుకోరని ఆమెకీ తెలుసు, చుట్టూ ఉన్నవాళ్ళందరికీ తెలుసు. నేను అలాంటివాణ్ణి కాదని అందరికీ వినపడాలనిపించింది. “ఎందుకు తినను? మొదటి పూటదే పంపు, చిక్కగా ఉంటుంది” అన్నాను గట్టిగా. వెనక ఎవరో ముసలాయన “అదీ” అన్నాడు. నాకు ఛాతీ పొంగింది.

అద్దంకిలో మీటింగుకి టైమైపోతోందని స్కూటరెక్కేశాను. దూడకు ముందు జున్ను పట్టించండి, మాయ కోసం ఆగకండి అని చెప్పానా? ప్రతి ఇంట్లోనూ చెప్పేవాణ్ణి కాబట్టి అక్కడా చెప్పే ఉంటానని చాలా రోజులు అనుకున్నాను. చెప్పలేదు.

మర్నాడు మధ్యాహ్నం భోజనంలో మా ఆవిడ గిన్నెలో జున్ను పెట్టింది. పసుపుపచ్చగా, ముక్క కోస్తే అంచు నిలబడేంత గట్టిగా ఉంది. రెండోసారి అడిగి పెట్టించుకున్నాను. ఎవరి ఇంటిదని అడగలేదు. ఆ కాలంలో మా ఇంటికి వారానికి ఒకటో రెండో క్యాన్లు వచ్చేవి.

ఆ తర్వాత ఐదో రోజు పొద్దున ఆమె దూడను గోతంలో చుట్టి చంకన వేసుకుని నడిచి వచ్చింది. అత్త వెనకే ఉంది. అరుగు మీద అప్పటికే ఏడెనిమిది మంది కూర్చుని ఉన్నారు. ఒక పెద్దాయన రోజూ వచ్చేవాడు. పశువుకు జబ్బున్నా లేకపోయినా చుట్ట కాల్చుకుంటూ మా అరుగు మీద కూర్చోవడం ఆయనకు అలవాటు. “ఏందమ్మా, దూడకేమైంది?” అన్నాడు ఆయన.

“నిన్న పొద్దుగాల నుంచి పారతా ఉందండి. పత్తికి పొయ్యొచ్చేలోపు ఇట్టా వాలిపోయింది” అంది నాతో.

గోతం విప్పి దూడను బల్ల మీద పడుకోబెట్టాను. తోక, వెనక కాళ్ళు పసుపుపచ్చని పారుడుతో అట్టకట్టి ఉన్నాయి. కన్ను గుంటలోకి దిగిపోయింది. రెప్పకీ గుడ్డుకీ మధ్య నా చిటికెన వేలి గోరు పట్టేంత సందు. మెడ మీద చర్మం పిడికిట పట్టి వదిలితే మడత అలాగే నిలబడింది. ఆరు లెక్కపెట్టేదాకా సర్దుకోలేదు. చెవులు చల్లగా ఉన్నాయి. నోట్లో వేలు పెట్టాను. బతికే దూడ వేలు దొరగ్గానే చీకుతుంది. ఇది నాలుక కదపలేదు. నోరు లోపల కూడా చల్లగానే ఉంది. థర్మామీటరు ఉండాల్సినదానికన్నా బాగా కింద ఆగిపోయింది. నిలబెడితే కాళ్ళు మడతపడి కూలిపోయింది.

“జున్ను పట్టించావా?” అన్నాను.

ఆమె నా మొహంలోకి చూసింది. తర్వాత అరుగు వైపు చూసింది. “పట్టించానండి” అంది.

మెడ నరంలోకి సూది దించితే రక్తం రావడానికే బద్ధకించింది. ఒంట్లో నీళ్ళు తగ్గిపోయి నల్లగా, చిక్కగా, చుక్కలు చుక్కలుగా సీసాలోకి జారింది. మిగతా పనులు కూడా చేశాను, చెయ్యలేదని కాదు. అదే నరంలోకి సెలైను ఎక్కించాను, అందులో రక్తంలో చేరిన పులుపు విరగడానికి సోడా మందు కలిపాను. వేడినీళ్ళ సీసాలు గుడ్డలో చుట్టి పక్కన పెట్టించాను. అటెండరు చేత గొంగళి కప్పించాను. కానీ మనసంతా ఆ రక్తం మీదే ఉంది. గడ్డ కట్టాక చేత్తో తిప్పే మిషనులో వేసి తిప్పి, పైనీళ్ళు తీసి, సీసాలో చుక్కలు వేసి, కిటికీ గట్టు మీద పెట్టాను.

గంట గడిచింది. సీసాలోంచి చూస్తే వెనక మిర్చి చేను ఆకు ఆకు కనిపించేంత తేటగా ఉంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. అంత కష్టపడి బయటికి తీసిన దూడ. సీసా పట్టుకుని వరండాలోకి వచ్చాను. “ఇదిగో చూడండి. చుక్క కూడా తాగలేదు ఈ దూడ. పట్టించానని మొహం మీదే చెప్పింది! మూడేళ్ళు మేపినదానివి, రెండు గ్లాసుల జున్ను దూడకి పట్టించడానికి చేతులు రాలేదా? అంత నోరు కట్టుకోలేకపోయారా?” అన్నాను.

అరుగు మీద ఎప్పటిలాగే నవ్వులు. చుట్ట పెద్దాయన, “జున్నంటే అట్టాంటిది మరి” అన్నాడు. అత్త ఒక్కసారిగా ముందుకొచ్చి, “అదిగాదు డాక్టరు గారా, ఆ జున్ను...” అని ఏదో అనబోయింది.

“అత్తా, నువ్వూరుకో” అని ఆమె చెయ్యి పట్టుకుని లాగింది. నాతో, “తప్పయిందండి. దూడ బతుకుద్దా అండీ?” అంది.

తెలియదన్నాను. సెలైను అయిపోయాక, చక్కెర, ఉప్పు, తినే సోడా కలిపిన నీళ్ళు ఎలా పట్టాలో చెప్పి, సాయంత్రం వచ్చి చూస్తానని పంపించేశాను. ఆమె దూడను మళ్ళీ గోతంలో చుట్టుకుని వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళ్తే మా ఆవిడ వాకిట్లో గిన్నెలు కడుగుతోంది. “ఏమండీ, ఈ క్యాను ఎట్టా పంపాలి? వారం నుంచి ఇక్కడే ఉంది. ఒట్టి క్యాను పంపితే బాగోదు” అంది.

“ఎవరిది?”

“చర్చి వీధి వాళ్ళది. మొన్న మీరు తిన్న జున్ను వాళ్ళదే కదా. దూడ పుట్టిన సాయంత్రమే పెద్దావిడ తెచ్చింది. పాలు ఎంత చిక్కగా ఉన్నాయో, వేలు పెడితే వేలికి అంటుకునేటట్టు. తొలిచూలు కదా, ఇంతే వచ్చాయంట. ఇంకెవరికీ ఇవ్వలేదు, మొత్తం మీకేనంది. మీరు నోరు తెరిచి అడిగారట, వాళ్ళకి ఎంత సంబరమో. కూర్చోమంటే గడప దాటి రాలేదు.”

ఆ క్యాను రెండు గ్లాసులు పట్టేది. మూత మీద ఎవరో మేకుతో గీసిన చిన్న శిలువ గుర్తు ఉంది. దాన్ని చేతిలోకి తీసుకుని అక్కడే గడప మీద కూర్చుండిపోయాను. మాయ పడేదాకా దూడను ఎటూ వదలరు, అప్పటికి పేగు తలుపు మూసుకుపోతుంది. పడేలోపు పిండిన ఆ కాస్త జున్నే దాని రక్తంలోకి పోవాల్సింది. అది నా కడుపులోకి పోయింది. రెండోసారి కూడా పెట్టించుకున్నాను. పొద్దున అందరి ముందూ ‘నోరు కట్టుకోలేకపోయారా’ అన్నది నేనే. నా మీద నాకే అసహ్యం వేసింది.

ఇంకో సంగతి అప్పుడే తట్టింది. ఈ రెండేళ్ళలో మా ఇంటికి ఎన్ని క్యాన్లు వచ్చాయి? నా కిటికీలో తేటగా మిగిలిన సీసాలు ఎన్ని? ఎవరెవరు తల దించుకున్నారు? ఒక్క క్యానుకు కూడా ఏ పూట జున్నని నేను అడగలేదు. అందరికీ పరీక్ష పెట్టినవాణ్ణి నేను, నా వంటింటికి మాత్రం పెట్టుకోలేదు.

అన్నం తినకుండానే ఆసుపత్రికి వెళ్ళి, రక్తం గడ్డ కట్టకుండా మందు కలిపిన పెద్ద సీసాలు రెండు తీసుకుని చర్చి వీధికి వెళ్ళాను. దూడ రక్తంలో లేనిది తల్లి రక్తంలో ఉంటుంది. తల్లి రక్తం తీసి దూడకు ఎక్కిస్తే ఒక్కోసారి నిలబడుతుంది. కాలేజీలో ఒకసారి చేయగా చూశాను, నా చేత్తో ఎప్పుడూ చేయలేదు. ఆ వీధి కుర్రవాళ్ళు నలుగురు గేదెను పట్టుకున్నారు. దాని మెడ చర్మం మందం. మూడుసార్లు సూది తప్పింది. నాలుగోసారి వేడి వేడి రక్తం సీసాలోకి నురగలు కడుతూ దిగింది. ఆమె ఆ సీసాను పందిరి గుంజకు కట్టింది. దూడ మెడలోకి చుక్క చుక్కగా వదిలాను. అత్త దూడ తలను ఒళ్ళో పెట్టుకుని, “నోరులేని జీవం ప్రభువా, దీన్ని శిక్షించొద్దు” అని వినపడేలాగే ప్రార్థన చేస్తోంది. ఆ మాట దూడ గురించే అన్నా, నేను తల ఎత్తలేకపోయాను.

సగం సీసా అయ్యేసరికి కుర్రవాళ్ళు వెళ్ళిపోయారు. అప్పుడు చెప్పాను. “ఆ జున్ను నేను తిన్నానమ్మా. అది దూడ తాగాల్సింది. దూడకు ముందు పట్టించమని ఆ రోజు నేను చెప్పలేదు, పైగా అడిగాను. తప్పు నాది.”

“తెలుసండి” అంది ఆమె. “మీరు రకతం తీసేటప్పుడే నాకు అర్థమైంది.”

“మరి పొద్దున ఎందుకు చెప్పలేదు? అన్ని మాటలు పడి ఎందుకు ఊరుకున్నావు?”

ఆమె దూడ చెవులు రుద్దుతూ ఉంది. “అరుగు మీద కూసున్నోళ్ళు అందరూ మీవోళ్ళే కదండీ. మా ఇంటి జున్ను మీరు తిన్నారని నేను ఆడ చెప్తే మీకు మాటొస్తది. మీ ఇంట్లో ఆడమనిషికి కూడా మాటొస్తది. మీరు మమ్మల్ని అడిగి తిన్నందుకు మా అత్త ఆ సాయంత్రం వీధి వీధంతా చెప్పుకుందండి. మా లోపల చెప్పుకున్నాం. ఆడ ఎట్టా చెప్తామండీ?”

ఆ మాట విన్నప్పుడు నాకు మొదట ఏమనిపించిందో నిజం చెప్తాను. హమ్మయ్య అనిపించింది. పొద్దున ఆమె ఊరుకున్నందుకు ఒక్క క్షణం ప్రాణం కుదుటపడింది. అరుగు మీద ఆ మాట బయటపడితే చుట్ట పెద్దాయన మొహం ఎలా మారేదో, మా ఊరి దాకా కబురు ఎలా పోయేదో కళ్ళ ముందు కనిపించింది. అందరికీ వినపడేలా ‘ఎందుకు తినను’ అన్నవాణ్ణి ఆ వీధిలో మాత్రమే అన్నాను. సిగ్గు ఆ తర్వాత వచ్చింది. వచ్చింది గానీ, రెండోదిగానే వచ్చింది.

ఆ సాయంత్రం దూడ నా వేలు చీకింది. బలంగా కాదు, నాలుక ఒకటి రెండుసార్లు చుట్టుకుంది. మేమిద్దరం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. అత్త పొయ్యి మీద నీళ్ళు కాస్తూ అక్కడి నుంచే ఏమైందేమైందని అరిచింది. మర్నాడు పొద్దున నిలబడింది కూడా, ముందు కాళ్ళు ఎడంగా పెట్టుకుని. తల్లి దగ్గరికి చేర్చితే రెండు గుక్కలు తాగింది. పత్తికి పోకుండా ఆమె పగలంతా దాని పక్కనే కూర్చుంది. నేను ఆ రోజు మూడుసార్లు వెళ్ళాను. ఆసుపత్రిలో రైతులు నా కోసం కనిపెట్టుకుని ఉంటే అటెండరు ఏదో ఒకటి చెప్పి పంపించేశాడు.

మూడో రోజు మళ్ళీ పారింది, ఈసారి నెత్తురుతో. కీళ్ళు వాచాయి. రక్తంలోకి విషం దిగిపోయిందని చూడగానే తెలిసింది. నా దగ్గరున్న ఇంజెక్షన్లన్నీ చేశాను. మధ్యాహ్నం చర్చి గంట కొట్టిన కాసేపటికి దూడ మెడ వెనక్కి విరుచుకుని చనిపోయింది. గేదె కట్టుకొయ్య దగ్గర నిలబడి అరుస్తూనే ఉంది. ఆమె ఏడవలేదు. గోతం తెచ్చి కప్పి, “ఆసామికి కబురు పంపాలి. మళ్ళీ ఈతకి చూద్దామంటారు” అంది. అప్పటికి ఇంకో ఏడాదిన్నర గడ్డి.

ఇంటికి వెళ్ళి మా ఆవిడకు అంతా చెప్పాను. తను క్యానులో పంచదార పోసి, మూత పెట్టి, నా బల్ల మీద పెట్టింది. “మీరే ఇవ్వండి. అందరూ ఉన్నప్పుడే ఇవ్వండి” అంది.

మర్నాడు పొద్దున అరుగు నిండి ఉంది. ఆమె నా రెండు సీసాలూ, సెలైను గొట్టమూ కడిగి, శుభ్రమైన గుడ్డలో చుట్టి తీసుకొచ్చింది. పనికి పోతూ దారిలో ఆగినట్టుంది, నడుముకు పత్తి తీసే ఒడి కట్టుకునే ఉంది. దూడ పోయిందని అప్పటికే అందరికీ తెలిసింది. చుట్ట పెద్దాయన నాలుక చప్పరించి, “ఆ రెండు గ్లాసులూ పట్టించి ఉంటే బతికుండేది గదమ్మా” అన్నాడు.

నేను క్యాను పట్టుకుని వరండాలోకి వచ్చాను. “ఆమెనేమీ అనకండి. ఆ జున్ను తిన్నది నేను. నేనే అడిగి తెప్పించుకున్నాను. ఇదిగో, వాళ్ళ క్యాను. మొన్న ఇక్కడ నిలబడి ఆమెను నానా మాటలూ అన్నాను, తప్పు నాది” అన్నాను.

ఎవరూ నవ్వలేదు. చుట్ట పెద్దాయన నోట్లోంచి చుట్ట తీసి, క్యాను వంక, నా వంక చూశాడు. తర్వాత ఆమె వైపు తిరిగాడు. “ఏమ్మా, నిజమేనా? మీ ఇంటి జున్ను డాక్టరు గారు తిన్నాడా?”

నేను ఆమె వంక చూశాను. అవునను అని కళ్ళతోనే బతిమాలాను. ఆమె నా చేతిలోంచి క్యాను తీసుకుంది. మూత తీసి లోపల పంచదార చూసి, మళ్ళీ బిగించింది.

“లేదండి” అంది. “డాక్టరు గారు మంచోరు, నన్నెవరూ ఏమీ అనకూడదని అట్టా అంటున్నారు. మా ఇంటిది ఆయనెందుకు తింటారండీ? దూడకి నేనే పట్టించలేదు.”

క్యాను ఒడిలో వేసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది. అరుగు మీద అందరికీ ఒక్కసారిగా ఊపిరి ఆడింది. “అదీ సంగతి! నేననుకుంటానే ఉన్నా” అన్నాడు చుట్ట పెద్దాయన. “ఏమైనా మీది గొప్ప మనసండీ. ఆళ్ళ తప్పు నెత్తినేసుకుంటున్నారు.” కాదండీ, నిజం చెప్తున్నాను అన్నాను. ఊరుకోండి సార్ అని ఆయన నా మోచేయి తట్టాడు. ఇంకోసారి చెప్పాను. ఈసారి నవ్వారు.

“మా గేదె ఈ వారంలో ఈనుద్దండి” అన్నాడు పెద్దాయన చుట్ట వెలిగించుకుంటూ. “మొదటి పూట జున్ను మీ ఇంటికే.”

నేను లోపలికి వచ్చాను. కిటికీ గట్టు మీద ఆ దూడ సీసా ఇంకా అలాగే, తేటగా ఉంది. దాని వెనక చేని గట్టు మీద ఆమె నడుస్తోంది, పత్తికి ఆలస్యమైందని గబగబా, ఒడిలో క్యాను ఒరిగి పంచదార ఒలకకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని.